కనబడే కుట్టు

ఇరవై రెండేళ్లు బట్టలు కుట్టాను. కుట్టు కనబడకుండా కుట్టడమే నా గొప్ప. గౌను అంచు మడిచి కుట్టానంటే, కుట్టు ఎక్కడుందో కళ్లజోడు పెట్టుకుని వెతికినా దొరికేది కాదు. మా వీధిలోనే రెండు రెడీమేడ్ దుకాణాలు తెరిచాక, ఊడిన గుండీలూ పొడుగు తగ్గించాల్సిన ప్యాంట్లూ తప్ప నా గడప తొక్కేవి లేకుండా పోయాయి. బస్టాపు గోడ మీద కాగితం చూసింది ఆ రోజుల్లోనే. వెల్డింగులో ఆరు నెలల శిక్షణ, ఆడవాళ్లూ చేరవచ్చు అని ఉంది.

మా ఆయన రెండు రోజులు ఆలోచించి, చేతులు జాగ్రత్త అని మాత్రం అన్నారు. అత్తయ్యకు ఆలోచన అక్కర్లేకపోయింది. ఆవిడ ఇనప మంచం కోడు ఒకటి అతుకు దగ్గర విడిపోయి, కింద చెక్కముక్క పెట్టుకుని ఏడాదిగా కిర్రుమంటోంది. దాని మీదే కూర్చుని, "సూదితోనే వేళ్లు పొడుచుకునేదానివి, ఇప్పుడు నిప్పుతోనా? నీ చదువు నువ్వు చదువుకో గానీ, నా మంచం జోలికి మాత్రం రాకమ్మా," అంది.

చేరిన నెలకే నా కుట్టుమిషను మా చెల్లెలికి ఇచ్చేశాను. అది మూల నుంచుని ఉన్నంతకాలం నా కాలు అటే లాగుతుందని నాకు తెలుసు. వద్దని అత్తయ్య ఎంత చెప్పినా వినలేదు.

శిక్షణ కేంద్రంలో మా మాస్టారు ఓడలు కట్టేచోట ముప్పై ఏళ్లు పనిచేసి వచ్చిన మనిషి. మెచ్చుకోవాలంటే ఒక "ఊఁ" తో సరిపెట్టేవారు. తిట్టడానికి మాత్రం మాటలకు కొదవలేదు. మొదటి వారం నేను రాడ్డు ఆనించడం, అది ప్లేటుకు అతుక్కుపోవడం, పీకలేక నేను ఊగిపోవడం. దానికి తోడు, మంట వెలగగానే నా కుడికాలు లేని పెడల్ తొక్కేది. పక్క బల్ల దగ్గర వెల్డింగు చేసే అతను అది చూసి రోజంతా నవ్వాడు. లారీలు నడపడం మానేసి వచ్చిన మనిషి, గొంతు అంత పెద్దది గనక అతన్ని అందరూ సైలెన్సరు అనేవాళ్లు. నన్ను టైలరక్క అన్నది మొదట అతనే.

మూడో నెలకు కాలు ఊరుకుంది, చెయ్యి నిలిచింది. చెయ్యి వణక్కుండా ఒకే వేగంతో గీత మీద పోవడం నాకు కొత్త కాదు. బట్ట బదులు ఇనుము, దారం బదులు కరిగే రాడ్డు, అంతే.

పరీక్షకు వారం ముందు మాస్టారు నమూనా పరీక్ష పెట్టారు. రెండు మందపాటి ప్లేట్ల మధ్య సందును మూడు వరసలుగా నింపాలి. అడుగు వరస, నడిమి వరస, పై వరస. నాది బాగా కుదిరింది. కుదిరింది కదాని ఇంకాస్త బాగు చేద్దామనిపించి, గ్రైండరు తీసుకుని పై వరసను అద్దంలా అరగదీశాను. రెండు ప్లేట్లని చెబితేగానీ తెలియదు. పొంగిపోతూ పట్టుకెళ్లి ఇచ్చాను.

మాస్టారు వేలితో ఒకసారి రాసి, తుక్కు డబ్బాలో పడేశారు.

"అసలు పరీక్షలో ఇదే చేస్తే ప్లేటు చేత్తో కూడా ముట్టుకోరు. కుట్టు దాచడం నీ పాత పని. ఇక్కడ నువ్వు వేసింది వేసినట్టు కనబడాలి. దాచావంటే ఏదో తప్పు చేశావనే అర్థం."

ఆ రాత్రి అన్నం సయించలేదు. నీళ్ల ట్యాంకులు తయారుచేసే వర్క్‌షాపువాళ్లు ఈ పరీక్షలో నెగ్గినవాళ్లలోంచి ఇద్దరిని తీసుకుంటామన్నారు. తప్పితే మళ్లీ పరీక్ష ఆరు నెలలకి. ఈలోగా చేతిలో మిషనూ లేదు.

పరీక్ష రోజున బయటి నుంచి ఒక ఇన్‌స్పెక్టరు మేడమ్ వచ్చింది. నా కన్నా పదేళ్లు చిన్నదై ఉంటుంది. ప్లేట్లకు నంబర్లు కొట్టి, గంటన్నర సమయమిచ్చి, తన గదిలోకి వెళ్లిపోయింది.

అడుగు వరస చక్కగా దిగింది. నడిమి వరస అయ్యాక, పైన గట్టిపడ్డ నల్లటి పెంకును సుత్తితో కొట్టి, బ్రష్షుతో తోమి చూశాను. సరిగ్గా మధ్యలో సూదిబెజ్జమంత రంధ్రం. గాలి బుడగ. పైకి ఇంత కనబడితే లోపల ఎంత ఉందో తెలియదు. గడియారం చూస్తే పాతిక నిమిషాలే ఉన్నాయి. పై వరసకు ఇరవై కావాలి.

మా ఇద్దరికీ కలిపి ఒకటే గ్రైండరు, అది సైలెన్సరు దగ్గర ఉంది. వెళ్లి అడిగాను. అతను నా ప్లేటు వైపు తొంగిచూసి, గొంతు తగ్గించాననుకుంటూ అన్నాడు: "మూసెయ్ అక్కా. పైన ఇంకో వరస ఉందిగా, ఎవరికి కనబడుతుంది?"

నిజమే, ఎవరికీ కనబడదు. కానీ కోటు లోపలి లైనింగులో తప్పు కుట్టు వదిలేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. నెలకో రెండు నెలలకో, అందరి ముందూ సరిగ్గా అక్కడే పిగులుతుంది. తప్పు కుట్టు విప్పినంత ఓపిగ్గా నేనెప్పుడూ కొత్త కుట్టు కూడా వెయ్యలేదు.

గ్రైండరు తెచ్చుకున్నాను. పై వరసే అరగదియ్యకూడదు, లోపలి వరసలో తప్పు తవ్వి తియ్యచ్చని మాస్టారే నేర్పారు. బెజ్జం పోయి మెరిసే ఇనుము కనబడేదాకా తవ్వాను. ఆ గుంట మళ్లీ నింపాను. పై వరసకు పన్నెండు నిమిషాలు మిగిలాయి. పరుగున వేశాను. ఒకచోట లావు, ఒకచోట సన్నం, నేర్చుకునే పిల్ల మొదటిసారి కుట్టిన దిండు గలీబులా వచ్చింది. గ్రైండరు పక్కనే ఉంది. దాని వైపు చూడకుండా ప్లేటు తీసుకెళ్లి బల్ల మీద పెట్టాను.

సైలెన్సరు ప్లేటు పక్కనే ఉంది, చేప పొలుసుల్లా ఎంత అందంగా వేశాడో.

మేడమ్ కొలబద్ద ఆనించి నా పై వరస ఎత్తు చూసింది. హద్దులోనే ఉంది. తర్వాత ప్లేటును పట్టీలుగా కోయించి, ఒక్కొక్కటీ ప్రెస్సులో పెట్టి వంచారు. అతుకు మీదే ఒత్తిడంతా పడి, పట్టీ మెల్లగా గుర్రపు నాడాలా వంగింది. మేడమ్ వంపు పొడుగునా గోరుతో రాసి, భూతద్దం పెట్టి చూసి, రెండో పట్టీ అందుకుంది. దాని మీదా చీలిక లేదు.

"లోపల ఇంత గట్టిగా ఉంది, పైన ఎందుకిలా అయింది?" అని అడిగింది.

"నడిమి వరసలో బెజ్జం పడింది మేడమ్. తవ్వి తీసి మళ్లీ వేశాను. పైదానికి సమయం చాలలేదు."

"మీరు చెప్పకపోతే తెలిసేది కాదు."

"తియ్యకుండా మూసేసి ఉంటే ప్రెస్సు చెప్పేది మేడమ్."

మాస్టారు వెనకనుంచి "ఊఁ" అన్నారు. సైలెన్సరు పట్టీలూ నిలిచాయి. సాయంత్రానికి వర్క్‌షాపు నుంచి మా ఇద్దరికీ కబురొచ్చింది, సోమవారం రమ్మని. ఇక నీళ్ల ట్యాంకులు కారితే ఊరంతా మనల్నే తిడుతుంది అక్కా అని అతను గేటు దాకా అరుస్తూనే వచ్చాడు. కారవు అన్నాను.

వంగిన పట్టీ ఒకటి ఇంటికి తెచ్చి అత్తయ్య చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి, వంకరపోయినదాన్ని పట్టుకుని నెగ్గానంటావేమిటి అంది. విరగకపోవడమే నెగ్గడమని చెప్పాను. మోకాలికి ఆనించి రెండు చేతులా లాగి చూసింది. వంపు మీద ఎగుడుదిగుడుగా ఉన్న అతుకును బొటనవేలితో తడిమింది.

"నా నడుం కంటే నయం," అని, చెక్కముక్క మీద ఆనిన మంచం కోడు వైపు చూసింది. "సోమవారం దీన్ని కూడా బండెక్కించు. కుట్టు మాత్రం పైకి కనబడేలాగే వెయ్యి. వచ్చినవాళ్లకి చూపించుకోవద్దూ?"