నిలబడ్డాయన కోటు

మా వీధి మలుపులో ఒక రాతి మనిషి ఉన్నాడు. ఎవరో గొప్పవాడే అయ్యుండాలి, లేకపోతే ఊరికే అంత రాయి ఖర్చు పెట్టరు కదా. దిమ్మ మీద పేరు ఎప్పుడో అరిగిపోయింది. మేమంతా ఆయన్ను నిలబడ్డాయన అంటాం. "నిలబడ్డాయన దగ్గర దిగి ఎడమకు తిరగండి" అని చుట్టాలకు దారి చెబుతాం. పేపరు వేసేవాడు ఆయన కాలికి సైకిల్ గొలుసు తగిలిస్తాడు. ఇంట్లో అలిగి వచ్చినవాళ్ళు ఆ దిమ్మ మీద కాసేపు కూర్చుని, ఆకలి వేశాక లేచి ఇంటికి పోతారు.

మా ఆయన మాత్రం ఆయనకు కోట్లు తొడుగుతాడు.

మా ఆయన దర్జీ. కత్తిరింపు ఆయనది. కాజాలు, గుండీలు, తిట్లు నావి. కొలతలకు రాలేని లావుపాటివాళ్ళ కోట్లు పొద్దున్నే నిలబడ్డాయనకు వేసి సరిచూస్తాడు. రాతి చేతులు వంగవు కాబట్టి వీపు మధ్య కుట్టు వేయకుండా ఉంచి, ముందు నుంచి తొడిగి, వెనక గుండుసూదులు పెడతాడు. "ఇంత ఓపికైన మనిషిని నేను చూడలేదు" అంటాడు. నన్ను చేసుకున్నవాడికి ఓపిక విలువ తెలియడంలో వింతేముంది.

ఎదురు బేకరీ అన్నయ్య కోటు కూడా అలాగే కుట్టాం. ఆయనా నిలబడ్డాయనా ఒకే ఒడ్డూ పొడుగూ. పొయ్యి వదిలి కొలతలకు రమ్మంటే రాడు. ఆయన ఒక్కగానొక్క కూతురి పెళ్ళి. "బడికి కూడా పిండి అంటిన బనీనుతోనే వచ్చేవాడివి నాన్నా, నా పెళ్ళికి ఒక్క పూట కోటు వేసుకో" అందట. ఆ పిల్ల అడిగింది అదొక్కటే. ఆ మాట మాకు చెబుతూ ఆయన కళ్ళు తుడుచుకుంటే కళ్ళకీ పిండి అంటింది.

పెళ్ళిరోజు పొద్దున్నే మా ఆయన ఆ నీలం కోటు రాయికి తొడిగి, దారం రీలు మరిచానని ఇంటికొచ్చాడు. వచ్చినవాడు టీ చూశాడు. తిరిగి వెళ్ళేసరికి నగరపాలక సంస్థవాళ్ళు నిలబడ్డాయనను తెల్లగుడ్డతో కప్పి, తాళ్ళు బిగించి, ఒక పోలీసును కాపలా పెట్టారు. కొత్తగా కడిగించిన విగ్రహాన్ని మేయరుగారు మళ్ళీ ఆవిష్కరిస్తారట. నెల నుంచీ గోడ మీద కాగితం అంటించే ఉంది. మా ఆయన రోజూ ఆ కాగితానికే ఆనుకుని కబుర్లు చెబుతాడు.

"లోపల మా కోటుంది బాబూ" అన్నాడు మా ఆయన.

"చూశాంలెండి. వేరే శాఖవాళ్ళ పనేమో అనుకున్నాం" అన్నాడు తాళ్ళు కట్టినవాడు.

"ఒకసారి విప్పుతావా?"

"కట్టడమే మా పని. విప్పేది మేయరుగారు."

ఈ సంగతి విన్నాక నాకు ఒళ్ళు మండింది. "కోటు రాయికి తొడిగారు సరే, బుర్ర కూడా అక్కడే తగిలించి వచ్చారా?" అన్నాను.

అంతలో బేకరీ అన్నయ్య తల దువ్వుకుని, తెల్ల చొక్కాతో గుమ్మంలోకి వచ్చాడు. పొయ్యి చాటున ఇన్నాళ్ళూ తెలియలేదు గానీ, చూస్తే మనిషి సగమయ్యాడు.

"ఇదేంటన్నయ్యా, ఇలా చిక్కిపోయారు?"

"కోటులో బాగుండాలి కదా చెల్లెమ్మా. నెల్లాళ్ళుగా రొట్టె ముట్టలేదు."

నిలబడ్డాయన ఏమీ మానలేదు. కోటు ఆయన కొలతకే ఉంది.

ముగ్గురం మలుపుకు పరుగెత్తాం. కుర్చీలన్నీ విగ్రహానికి ముందువైపు వేశారు. మాలాంటివాళ్ళకు వెనకవైపే చోటు. మేయరుగారు తాడు లాగగానే నీలం కోటు ధగధగలాడింది. ముందువాళ్ళు చప్పట్లు కొట్టారు. మాకు గుండుసూదులు కనిపించాయి. మేయరుగారు ఒక్క క్షణం తెల్లబోయి, తేరుకుని, "చూశారా మన శిల్పుల పనితనం, రాయి అచ్చం ఉన్నిలా లేదూ" అన్నారు. ఆ పైన ఆ మహానుభావుడి పేరు చదివారు. అందరూ కోటే చూస్తున్నారు, పేరు ఎవరూ వినలేదు.

ఉపన్యాసం తెమిలేలా లేదు. పెళ్ళి నమోదు కార్యాలయం వీధి చివర ఉంది, అక్కడ అమ్మాయి ఎదురుచూస్తోంది. పోలీసు ముందువైపు వింతలో పడ్డాడు. నేను వెనక నుంచి దిమ్మెక్కి సూదులు ఒక్కొక్కటే లాగాను.

"ఆ మహనీయుడి ఆశీస్సులు మన మీద" అని మేయరుగారు అంటుండగా కోటు జారి ఆయన నెత్తిన పడింది.

"ఇటివ్వండి బాబూ, అవతల పెళ్ళికి ఆలస్యమవుతోంది" అని లాక్కుని వచ్చేశాను.

వెనక విప్పి ఉండటమే మేలైంది. బేకరీ అన్నయ్యకు ముందు నుంచి తొడిగి, మిగిలిన గుడ్డ లోపలికి మడిచి, దిమ్మ పక్కనే నిలబెట్టి వీపు మీదే కుట్టేశాను. మా ఆయన సూదికి దారం ఎక్కిస్తూ నా తిట్లు తిన్నాడు. కుట్టు ముడి వేస్తుండగా తండ్రిని వెతుక్కుంటూ పెళ్ళికూతురే వచ్చింది. తండ్రి భుజం మీద లేని పిండిని దులిపింది. నాకు ఏడుపొచ్చింది, దారం తెంపే వంకతో తల వంచుకున్నాను.

తొందరలో కోటుతో పాటు లోపలి చొక్కా కూడా కలిపి కుట్టేశానని మర్నాడు తెలిసింది. బేకరీ అన్నయ్య నీలం కోటు చేతులు పైకి మడిచి పొయ్యి ముందు నిలబడి ఉన్నాడు. కత్తెర తీసుకుని వెళ్ళాను.

"రండన్నయ్యా, విప్పేస్తాను."

ఆయన వీపు గోడకు ఆనించాడు. "ఇప్పుడొద్దులే చెల్లెమ్మా. అమ్మాయి సాయంత్రం బండికి వెళ్తుంది. వెళ్ళాక విప్పుదువుగాని."

సాయంత్రం బండి వెళ్ళిపోయింది. ఆ మర్నాడు కూడా ఆయన కోటుతోనే రొట్టెలు కాల్చాడు. నేను కత్తెర తీసుకుని వెళ్ళలేదు.