మర్చిపోయే పెట్టె

మా అమ్మాయి ఒక నాటకానికి సంగీతం కడుతోంది. దానికోసం వాద్యాల షాపతను రెండు పెట్టెలిచ్చి, కొన్నాళ్ళు ఇంట్లో వాడి చూసి ఒకటి ఉంచుకోమన్నాడు. సీక్వెన్సర్లట. ఏ స్వరం ఎప్పుడు మోగించాలో సింథసైజర్‌కి అవి చెబుతాయట.

"అంటే అదేం వాయించదా?" అన్నాను.

"వాయించదు. పక్కదానికి పని పురమాయిస్తుంది. అచ్చం నాన్నలాగే."

ఒకటి కొత్తది. నేర్పిందల్లా దాచుకుంటుంది. కానీ తెర అగ్గిపెట్టంత. ఒక్క స్వరం మార్చాలన్నా ఏవేవో తలుపులు తెరుచుకుంటూ లోపలికి పోవాలి. రెండోది పాతది. బొద్దు మీటలు, వేలు పెట్టిన చోటల్లా వెలుగు, వాయించింది వాయించినట్టు పట్టుకుంటుంది. దాచుకోవడం మాత్రం దానికి చేతకాదు, ఆపేస్తే అంతా పోతుందని అమ్మాయి చెప్పినా నా చెవికెక్కలేదు. దాని ముందు కూర్చుంటే మా పిల్ల కళ్ళు మూసుకుని తనలో తనే నవ్వుకునేది. కొత్తదాని ముందు మాత్రం సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు ముఖం ముడుచుకునేది. ఏది ఉంచుకుంటుందో నాకు మొదటిరోజే తెలిసిపోయింది.

"చివరి సీన్ పాట పాతదాన్లోనే ఉందమ్మా. రికార్డరు అడిగి తెచ్చి అందులోకి ఎక్కిస్తా. పెట్టెని ముట్టుకోకు," అని చెప్పి వెళ్ళింది ఆవేళ.

తను వెళ్ళాక నాకు కాలు నిలవలేదు. గోడకున్న ఆ పెట్టె అడాప్టరు మీద చెయ్యి వేస్తే వెచ్చగా ఉంది. వెచ్చగా ఉన్నది వేడెక్కుతుంది, వేడెక్కింది అంటుకుంటుంది, పక్కనే కర్టెను. నేను కూరలు తెచ్చేసరికి వీధి వీధంతా మా ఇంటి ముందు నిలబడి ఉన్నట్టు కళ్ళకి కట్టింది. పెట్టెని ముట్టుకోలేదు. ప్లగ్గు పీకాను. బజారు నుంచి తిరిగొచ్చాక మళ్ళీ పెట్టాను, దీపాలన్నీ చక్కగా వెలిగాయి. ఫ్రిజ్ ఆపి మళ్ళీ వేస్తే లోపలి పాలు ఎక్కడికీ పోవు కదా, ఇదీ అంతే అనుకున్నాను.

అమ్మాయి వచ్చి మీట నొక్కింది. చప్పుడు లేదు. మళ్ళీ నొక్కింది.

"కరెంటు పోయిందా అమ్మా?"

"లేదే," అన్నాను. అది అబద్ధం కాదు. అందుకే మరీ సిగ్గేసింది.

"అయితే దీన్ని నమ్మలేం," అంటూ నేల మీద కూలబడింది. పాటని గుర్తు తెచ్చుకోబోయి, సగం దాకా వచ్చి, "ఇక్కడేదో చేశానే..." అని వేళ్ళు గాల్లోనే ఉంచేసింది. నేను వంటింట్లో నిలబడి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను.

మర్నాడు పాత పెట్టె పట్టుకుని తనతో షాపుకి వెళ్ళాను.

"ఇది దానంతటదే మర్చిపోతోంది అంకుల్."

"అలా మర్చిపోదే. ఎవరైనా తీగ కదిపారా?"

"పగలు ఇంట్లో ఉండేది నేనూ అమ్మా. అమ్మ దాని జోలికే వెళ్ళదు."

షాపతను స్క్రూడ్రైవరు తీసుకుని, లేని జబ్బుకి ఆ పెట్టెని విప్పడం మొదలుపెట్టాడు.

"విప్పకండి బాబూ," అన్నాను. "నేనే ప్లగ్గు పీకాను."

మూలన గిటారు మీటి చూస్తున్న ఒకాయన కూడా ఆపేశాడు. అమ్మాయి నా వైపు చూడలేదు. షాపతను, "పాపం, దీన్ని ఎన్ని తిట్లు తిట్టారో," అని నవ్వబోయి ఊరుకున్నాడు.

"దీనికేం జబ్బు లేదు తల్లీ, ఇదే ఉంచుకో. ఇక ప్లగ్గు జోలికి వెళ్ళను. ఒట్టు," అన్నాను.

"వెళ్తావమ్మా." కోపంగా అనలేదు, జాలిగా అంది. "వెళ్ళకుండా ఉండలేవు. నాకు తెలుసు."

పాత పెట్టె మీటల మీద ఒకసారి వేళ్ళు పరిచింది. తీసేసి, దాన్ని కౌంటరు అవతలికి జరిపింది. "కొత్తదే ఉంచుకుంటా అంకుల్. మా ఇంటికి అదే నయం."

చివరి సీన్‌కి వేరే పాట కట్టింది. బాగానే ఉందన్నారట. అది కడుతున్నంతసేపూ ఆ చిన్న తెర మీదకి వంగి, ముఖం ముడుచుకునే ఉంది.

ఇప్పుడు బయటికి వెళ్తూ, "దీన్ని పీకినా ఏం పోదమ్మా, నీ ఇష్టం," అంటుంది. తను వెళ్ళాక అడాప్టరు మీద చెయ్యి వేసి చూస్తాను. వెచ్చగానే ఉంటుంది. కర్టెను పక్కకి ముడేసి, కూరల సంచీ మేకుకి తగిలించి, తను వచ్చేదాకా దాని పక్కనే కూర్చుంటాను.