ఇడ్లీపిండికి చుట్టిన బొంత

నేను ఒక బొంతను. రగ్గును కాదు, దుప్పటినీ కాదు, అచ్చమైన బొంతను! బొబ్బిలి దగ్గర ఒక పల్లెలో పైడమ్మ తన పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, పెద్ద సూదితో కుట్టి నన్ను తయారుచేసింది. పైన కనిపించే ఎర్రచీర ఆవిడ పండగలకు మాత్రమే కట్టుకున్నది. అందుకే నాకు కాస్త టెక్కు ఎక్కువ.

పైడమ్మ మనవరాలు గౌరి, మొగుడు సన్యాసినాయుడితో ఆస్ట్రేలియా వెళ్తూ నన్నూ మడతపెట్టి తీసుకెళ్లింది. సిడ్నీలో కొన్నేళ్లు అలమరలోనే పడి ఉన్నాను. తర్వాత వాళ్లు టాస్మేనియాలో, ఒక మారుమూల కొండవాలు మీద ఇల్లు తీసుకున్నారు. అక్కడికి కరెంటు తీగ రాదు. కప్పు మీద సోలార్ పలకలు, గోడకు బ్యాటరీ, అంతే. మన ఆషాఢమాసం అక్కడ గడ్డకట్టే చలికాలమనీ, ఎండ మొహం చాటేస్తుందనీ ఇద్దరికీ అనుభవంలోకి వచ్చాకే తెలిసింది. రోజూ తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ, ఇల్లంతా చీకటి.

గౌరికి ఆ ఇల్లంటే ప్రాణం. పెరట్లో ముల్లంగి వేసింది, కోళ్లను పెంచింది. నాయుడు మాత్రం పెద్ద సూట్‌కేసు సర్ది గుమ్మం పక్కన నిలబెట్టాడు. "ఈ చలికాలం అయిపోయేలోగా బ్యాటరీ తెల్లారేదాకా నిలబడాల. లేదంటే సిడ్నీ పోదుం" అన్నాడు.

ఇక చూడాలి ఆయన పొదుపు! ఒక్కటి మిగిల్చి బల్బులన్నీ పీకేశాడు. టీవీ మూలపడింది. మంకీ క్యాపు పెట్టుకుని చీకట్లో తిరుగుతూ మోకాళ్లు బల్లలకు కొట్టుకునేవాడు. గౌరి ఫోన్ ఛార్జింగు పెట్టినా గొణిగేవాడు. అయినా పొద్దున్నే బ్యాటరీ ఖాళీ. గౌరి ఆ సూట్‌కేసు వైపు చూసినప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను! కానీ చెప్పడానికి నోరేదీ? నాయుడికి ఇడ్లీ లేనిదే పొద్దు గడవదు. చలికి పిండి పులవదని, సిడ్నీలో అలవాటైనట్టే ఓవెన్ సన్నగా వేసి, పిండిగిన్నె అందులో పెట్టి పడుకునేవాడు. అది రాత్రంతా బ్యాటరీని తాగేసేది. బల్బులు పీకిన మహానుభావుడికి ఇడ్లీపిండి మాత్రం లెక్కలోకి రాలేదు.

ఒకరోజు పొద్దున్నే కోళ్లకు గింజలు వేయడానికి లేచిన గౌరి చీకట్లో తడుముకుంటూ ఓవెన్ తలుపు మీద చెయ్యి వేసింది. ఇల్లంతా మంచుగడ్డ, అదొక్కటే వెచ్చన. వెంటనే మొగుణ్ణి లేపుకొచ్చింది.

"ఏటండీ, మనం వణుకుతన్నాం, మీ పిండి మాత్రం సుఖంగా ఉన్నాది" అంది. నాయుడు పిండిగిన్నె బయటికి తీశాడు.

పైడమ్మ చలికాలంలో పెరుగు తోడుపెట్టి గిన్నెకు పాతబట్టలు చుట్టేది. అది గుర్తొచ్చిందేమో, ఆ సాయంత్రం గౌరి గ్యాసుపొయ్యి మీంచి దించిన అన్నం గిన్నె పక్కనే పిండిగిన్నె పెట్టి, రెంటినీ నాతో బిగించి చుట్టింది. మనుషుల్ని కప్పాల్సినదాన్ని గిన్నెలకు చుడతావా అని అలిగాను. కానీ అన్నం వేడి నా పొరల్లోకి ఎక్కుతుంటే సంగతి అర్థమైంది. గౌరి ఇల్లు నిలబెట్టే పని నా చేతిలో పడింది! ఎక్కడా సందివ్వకుండా ఆ వేడిని పట్టుకుని కూర్చున్నాను.

తెల్లవారింది. గౌరి స్విచ్ నొక్కింది. బల్బు వెలిగింది! ఆర్పి, మళ్లీ నొక్కింది. మళ్లీ వెలిగింది! పిండి పొంగి, మూత తోసుకుని, పండగచీర మీద కారి మరక చేసింది. వేరే రోజైతే తిట్టుకునేదాన్ని. ఆరోజు మాత్రం నేనూ ఆ పిండిలాగే పొంగిపోయాను.

చలికాలం గడిచింది. బ్యాటరీ మళ్లీ ఖాళీ కాలేదు. నాయుడు సిడ్నీ ఊసెత్తకుండా ఒక మధ్యాహ్నం సూట్‌కేసు తెరిచి, బట్టలు అలమరలో సర్దాడు. ఖాళీ పెట్టె నిండా ఎండుగడ్డి కూరి, మధ్యలో సగం ఉడికిన పప్పుగిన్నె దించి, పైన నన్ను కప్పాడు. మిగతా సగం ఉడకబెట్టడం ఇప్పుడు నా బాధ్యత.

పెట్టె మూత వేసి, దాని చక్రాల వంక చూశాడు.

"ఇంక దీనికి చక్రాలెందుకే" అన్నాడు.

గౌరి స్క్రూడ్రైవర్ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.