గడ్డం బ్రష్షు

కాపీ మిషనులో ఇరుక్కున్న కాగితాన్ని నిరాపద రెండు చేతులతో పట్టుకుని, అది వెళ్లాల్సిన వైపుకే మెల్లగా లాగాడు. ఎదురు లాగితే చిరుగుతుంది. చిరిగిన ముక్క లోపల ఉండిపోతే అదింకో తలనొప్పి. కాగితం మొత్తంగా బయటికొచ్చింది. ముందు అంచు విసనకర్రలా మడతలు పడి ఉంది. మిగతాదంతా ఇస్త్రీ చేసినట్టు తెల్లగా ఉంది. అంటే రంగు దాకా కూడా పోలేదు, గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏమంటోంది దాదా?" వెనక నుంచి పూర్ణిమ అడిగింది. అన్నని పిలిచినట్టు అతన్ని దాదా అనే పిలుస్తుంది.

"ఇంకా అలక మీదే ఉంది."

పూర్ణిమ నవ్వలేదు. మామూలుగా అయితే నవ్వే మనిషే. కలకత్తాలో బౌబజారు సందులో, మూడో అంతస్తులో ఉన్న ఆ ఇళ్ల ప్లాన్ల ఆఫీసులో ఆమె కాపీలు తీస్తుంది, టీ పెడుతుంది, సాయంత్రం తాళాలు వేస్తుంది. భర్త చనిపోయిన ఏడాదే రంగుల కాపీ మిషను ఆ ఆఫీసులోకి వచ్చింది. దాన్ని నడపడానికి ఒక మనిషి కావాలని ఆమెను పెట్టుకున్నారు. అప్పటి నుంచి ఇద్దరిదీ ఒకే మూల.

నిరాపద మొన్ననే మిషను మొత్తం విప్పి, తుడిచి, అరిగిన రబ్బరు చక్రాలు మార్చి వెళ్లాడు. నిన్న విశ్వకర్మ పూజ, ఊళ్లో యంత్రాలన్నిటికీ సెలవు. ఇవాళ పొద్దున ఆన్ చేస్తే మొదటి కాగితానికే నారింజ రంగు దీపం వెలిగింది. ఫోను వచ్చేసరికి అతను బెల్‌ఘరియాలో తన ఇంటి గడప మీద కూర్చుని, ఆవనూనె కలిపిన మరమరాలు తింటున్నాడు.

"ఈసారి ఏం మరిచిపోయావు?" అంది భార్య కల్యాణి, పచ్చిమిరపకాయ అందిస్తూ. ఆమె మామూలుగానే అంది. కానీ ఆ మాట అతనికి చేపముల్లులా గొంతులో దిగింది. రైల్లో దిగింది, ట్రాములో దిగింది, ఇక్కడ మెట్లు ఎక్కుతుంటే ఇంకా లోపలికి దిగింది.

దానికి కారణం ఉంది. పోయిన నెల వేరే ఆఫీసులో ఒక స్ప్రింగు తలకిందులుగా పెట్టి వచ్చాడు. ఎవరూ చూడకముందే వెళ్లి సరిచేశాడు గానీ, ఆ రాత్రి అన్నం సయించలేదు. కుడికంట్లో ఈమధ్య పల్చటి మబ్బు కమ్ముతోంది. చేయి కూడా ఒక్కోసారి తనది కానట్టు ఉంటోంది. మనిషి ముసలివాడయ్యాడని ముందుగా ఎవరికి తెలుస్తుందో గానీ, తనకు మాత్రం ఆఖరున తెలుస్తుందేమోనని అతని భయం.

సమద్దార్ బాబు గదిలోంచి బయటికొచ్చాడు. ఆ ఆఫీసు ఆయనది.

"నిరాపద బాబూ, మునిసిపాలిటీ కిటికీ మూసేలోగా ప్లాన్లు అందాలి. సర్వీసింగుకి ముందు నడిచింది, తర్వాత ఆగింది. దీన్నేమంటారు?"

"వాన బాబూ. కాగితం చెమ్మ పీల్చుకుంటుంది."

"వాన ఆషాఢం నుంచీ ఉంది," అని ఆయన లోపలికి వెళ్లిపోయాడు.

అదీ నిజమే. నిరాపద కొత్త కాగితాల కట్ట విప్పి, పేకముక్కల్లా గాలాడేలా విదిలించి పెట్టాడు. ఇరుక్కుంది. అది తీసి, కింది అరలోంచి కాగితం రప్పించాడు. అదీ ఇరుక్కుంది. పై అర కాగితమూ, కింది అర కాగితమూ ఒకే చోట ఆగాయంటే తప్పు అరల్లో లేదు. రెండు దారులూ కలిసేది పక్క తలుపు వెనక. అక్కడి చక్రాలే మొన్న తను మార్చాడు.

సంచిలోంచి గడ్డం బ్రష్షు తీశాడు. పెళ్లిలో మామగారు పెట్టిన గడ్డం సామానులోది అది. అతనికి నాలుగు వెంట్రుకలు తప్ప గడ్డం మొలిచింది లేదు. "మా నాన్న బ్రష్షు దండగైంది," అని కల్యాణి కొత్తలో ఏడిపించేది. దండగ కాకూడదని టైపు మిషన్లు తుడవడానికి పెట్టుకున్నాడు. ధర్మతల్లాలో టైపు మిషన్ల కొట్లో చేరినప్పటి సంగతి. టైపు మిషన్లు పోయి సైక్లోస్టైలు, అదీ పోయి నలుపు తెలుపు కాపీ మిషను, తర్వాత రంగుల మిషను. ప్రతిసారీ కొత్తదాని పని నేర్చుకున్నాడు. ప్రతిసారీ పాతదాన్ని తుక్కువాడి బండి దాకా తనే మోసుకెళ్లి దించాడు. బ్రష్షు మాత్రం మారలేదు. ఇన్నేళ్లలో దానికి ఒక్కసారి కూడా నీళ్లు తగల్లేదు.

నేల మీద గొంతుక్కూర్చుని పక్క తలుపు తెరిచాడు. చక్రాలను వేలితో తడిమాడు. సరిగ్గానే కూర్చున్నాయి. గుండె కొంచెం కుదుటపడింది, పూర్తిగా పడలేదు. చక్రాల కింద చిన్న నల్లటి నాలుకలాంటిది ఉంటుంది. కాగితం తోస్తే అది వంగాలి, కాగితం దాటిపోగానే లేవాలి. అదే లోపలి లెక్క. ఇప్పుడది వంగిపోయి లేవడం లేదు. కాగితం లేకపోయినా ఉందని మిషను అనుకుంటోంది.

కన్ను ఆనలేదు. బ్రష్షును నాలుక కిందికి పోనిచ్చి, పసిపిల్ల చెవి తుడిచినట్టు మెల్లగా తిప్పి, బయటికి లాగాడు.

వెంట్రుకల మధ్య ఒక గరికపోచ. దాన్ని అంటుకుని ఒక వడ్లగింజ. పూజలో పెట్టే జంట.

నిరాపద కూలబడ్డాడు. కడుపులోంచి నవ్వు లేచింది. తన చేయి కాదు. తన కన్నూ కాదు. గొంతులోని ముల్లు ఎటు పోయిందో పోయింది.

తలెత్తి చూస్తే పూర్ణిమ మొహంలో నెత్తుటి చుక్క లేదు.

పోయినేడు విశ్వకర్మ పూజకి ఆమె మిషను అద్దం మీద సిందూరం బొట్టు పెట్టింది. తుడిచాననుకుంది గానీ మరక పూర్తిగా పోలేదు. ప్లాన్లలో ఎర్రగీత అంటే కొత్తగా కట్టే గోడ. ఆ వారం వెళ్లిన ప్రతి ప్లానులోనూ పడకగది నడిమధ్య ఒక ఎర్రటి గుండ్రం ఉంది. ఇదేం కట్టడమని మునిసిపాలిటీ వాళ్లు కట్టలన్నీ తిప్పి పంపారు. ఇంకోసారి మిషను దగ్గర పూజ అంటే పనిలోంచి తీసేస్తానని సమద్దార్ బాబు అందరి ముందూ చెప్పాడు.

"పైన పెడితే బాబు చూస్తాడని..." పూర్ణిమ సమద్దార్ బాబు గది వైపు చూస్తూ అంది.

"అందుకని కడుపులో పెట్టావా?"

"నువ్వు శుభ్రం చేసి వెళ్లావు కదా, మడిగా ఉంది, ఇప్పుడు మొక్కుకుంటే బాగుంటుందనుకున్నా. పాతదైపోయిందని బాబు రోజూ అంటున్నాడు. ఇది పోతే నన్నెవరు ఉంచుకుంటారు దాదా? పిల్ల ఇంకా బడిలోనే ఉంది."

"ఏ పురోహితుడు చెప్పాడే నీకు, తలుపు తీసి లోపల పెట్టమని?"

అప్పుడే సమద్దార్ బాబు మళ్లీ వచ్చాడు. "ఏమైనా దొరికిందా?"

పూర్ణిమ కొంగు గట్టిగా పట్టుకుని నోరు తెరిచింది.

"పూర్ణిమా, కాసిని మంచినీళ్లు తెచ్చిపెట్టు," అన్నాడు నిరాపద. ఆమె కదల్లేదు. "దాహమేస్తోందమ్మా, వెళ్లు."

ఆమె వెళ్లాక బ్రష్షును మోకాలి చాటుకు జరుపుకున్నాడు.

"నా పొరపాటే బాబూ. మొన్న లోపల ఒకటి సరిగా కూర్చోబెట్టలేదు. కంట్లో మసక."

సమద్దార్ బాబు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు.

"మా నాన్నగారి టైపు మిషను నాటి నుంచీ వస్తున్నారు మీరు. చాలాసార్లు చెబుదామనుకుని ఊరుకున్నాను. వచ్చేసారి నుంచి కంపెనీ వాళ్లని రమ్మంటాను. ఇంటిపట్టున ఉండండి ఇక."

"అలాగే బాబూ."

మీట నొక్కాడు. కాగితం జారింది, నాలుక వంగింది, లేచింది. ఎవరిదో ఇల్లు ఎర్రగోడలతో, కూల్చబోయే పసుపు గోడలతో వెచ్చగా బయటికొచ్చింది. దాని వెనక ఇంకొకటి. నిరాపద ఆ చప్పుడు కాసేపు విని, సంచి జిప్పు లాగాడు.

పూర్ణిమ నీళ్లగ్లాసుతో మెట్ల దగ్గర ఎదురొచ్చింది.

"గోడవతల నుంచి అంతా విన్నాను. నేను వెళ్లి చెప్పేస్తాను దాదా. నీ పేరు పోవడమేంటి నా వల్ల?"

అతను నీళ్లు మొత్తం తాగి గ్లాసు ఇచ్చాడు.

"పొద్దున దాకా నా పేరు మీద నాకే అనుమానం ఉండింది. ఇప్పుడు లేదు. ఇక ఎవరేమనుకుంటే నాకేం? నువ్వు నోరు మూసుకుని ఆ ప్లాన్లు తియ్యి." రెండు మెట్లు దిగి ఆగాడు. "వచ్చే ఏడు నీ పళ్లెం ఇంట్లోనే పెట్టుకుని మొక్కుకో. విశ్వకర్మకి లోపలికి రావడం తెలుసు, నువ్వు దోవ చూపించక్కర్లేదు."

ఈసారి ఆమె నవ్వింది, కళ్లు తుడుచుకుంటూనే. అతను పక్క గోడ పట్టుకోకుండా మెట్లు దిగాడు.

కింద వాన వెలిసింది. ట్రాము తీగల మీద నిన్న పూజకి ఎగరేసిన గాలిపటం ఒకటి తడిసి వేలాడుతోంది. కల్యాణి ఫోను చేసింది.

"బాగైందా? ఏం మరిచిపోయావట?"

"బ్రష్షు," అన్నాడు నిరాపద. "అక్కడే ఉండిపోయింది."

"మా నాన్న బ్రష్షా? వెళ్లి తెచ్చుకో మరి."

"ఉండనీలే. మూడంతస్తులు ఎవరెక్కుతారు?"

సాయంత్రం ప్లాన్లన్నీ వెళ్లిపోయాక, పూర్ణిమ దీపాలు ఆర్పుతూ మిషను దగ్గరికొచ్చింది. మూత వెనక, గోడ వైపు అంచు మీద, అద్దానికి తగలకుండా ఒక వారగా, గడ్డం బ్రష్షు నిలబెట్టి ఉంది, దాని పొడి వెంట్రుకల్లో వడ్లగింజ అలాగే ఉంది.