కిటికీ పక్క మంచం

కోనసీమలో ఎవరినైనా ఏమైనా అడిగి చూడండి, ముందు 'ఆయ్' అంటారు. ఇష్టమున్నా ఆయ్, లేకపోయినా ఆయ్. ఆ మర్యాదే శ్రీనిధి ప్రాణం మీదికి తెచ్చింది.

అమలాపురంలో ఓ ఆసుపత్రి, అందులో బాలింతల వార్డు. మొత్తానికి ఉన్నది ఒకటే పెద్ద కిటికీ. దాని పక్క మంచం సాయిదుర్గది. సాయిదుర్గ తల్లి సత్యనారాయణమ్మ నగరం అనే పల్లెటూరి నుంచి వస్తూ వస్తూ దుప్పట్లూ, చెవుల్లోకి దూదీ, సాంబ్రాణి కడ్డీలూ, వాటితోపాటు బోలెడు భయమూ మోసుకొచ్చింది. బాలింతకి గాలి తగిలితే తల్లీ పిల్లా దక్కరని ఆవిడ నమ్మకం. అలాగని దౌర్జన్యం చేసే మనిషి కాదు. ఒక్కొక్క మంచం దగ్గరికీ వెళ్లి, "కిటికీ మూసేత్తానండి, ఏవనుకోకండేం?" అని బతిమాలినట్టు అడిగింది. వార్డంతా "ఆయ్" అంది. గోడవార మంచం మీది బాలింత శ్రీనిధి కూడా అంది.

సిస్టరు వచ్చి "గాలి ఆడాలండి, తెరిచి ఉంచండి" అంటే దానికీ అందరూ "ఆయ్". ఆమె అటు వెళ్లగానే రెక్కలు మళ్లీ మూసుకునేవి. పోట్లాటని తెలియకుండానే పోట్లాట సాగిపోతోంది, మాట మాటకీ అండీ తగిలించుకుంటూ.

శ్రీనిధికి చిన్నప్పటి నుంచీ ఆయాసం. ఆపరేషన్ అయిన ఒళ్లు, పైగా మూసిన గది, అందులో సాంబ్రాణి పొగ. దగ్గినప్పుడల్లా కుట్లు లాగి కళ్లు తిరిగేవి. ఆ పొద్దున డాక్టరమ్మ వీపు మీద స్టెతస్కోపు పెట్టి విని మొహం చిట్లించింది. "సాయంత్రానికి తగ్గకపోతే మిమ్మల్ని కాకినాడ పెద్దాసుపత్రికి పంపించేస్తానండి. పాపని మీ అమ్మగారి దగ్గరే ఉంచుదాం" అంది.

పాపని వదిలి! కళ్లు కూడా సరిగ్గా తెరవని పిల్లని! శ్రీనిధికి ఏడుపొచ్చింది. ఏడవడానికైనా ఊపిరి చాలలేదు.

"అమ్మా, ఆ కిటికీ తియ్యమని చెప్పవే" అంది తల్లితో.

కనకమహాలక్ష్మి పుట్టి బుద్ధెరిగాక ఒకరి మాట కాదన్న మనిషి కాదు. "పెద్దావిడ. నొచ్చుకుంటుందేమోనే" అని గొణిగింది. ఇంతలో సత్యనారాయణమ్మే కొత్త కడ్డీ వెలిగించి తెచ్చింది. "అమ్మాయిగారు ఒకటే దగ్గేరు, చలిగాలి దూరినట్టుందండి. ఆ కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కేత్తానండి?" అని ఎంతో ప్రేమగా అడిగింది.

'ఆయ్' నాలుక చివరిదాకా వచ్చింది. శ్రీనిధి దాన్ని మింగేసింది.

"వద్దండి."

వార్డు ఉలిక్కిపడింది. కనకమహాలక్ష్మి పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"వద్దు పిన్నిగారూ. నాకు ఊపిరాడట్లేదు. ఆ కడ్డీ ఆర్పేయండి. మీ అమ్మాయికి గాలి తగలకూడదంటే గోడవార నా మంచం తీసుకోమనండి, నేను కిటికీ పక్కకి వస్తాను. మూసి ఉంచడం మాత్రం కుదరదండి." రొప్పుతూనే కడుపు పట్టుకుని లేచి, కిటికీ వైపు నడిచింది.

"మా పిల్లకేవన్నా అయితేనండి?" సత్యనారాయణమ్మ కూతురి మీద ఇంకో దుప్పటి లాగింది.

అప్పుడు కదిలింది దుప్పట్ల గుట్ట. అందులోంచి సాయిదుర్గ చెమటతో తడిసిన మొహం బయటపెట్టి, చెవుల్లో దూది పీకేసింది. "అమ్మా, నీకు దణ్ణం పెడతానే. ఉడికి చచ్చిపోతన్నాను. తియ్యనీ!"

"నాకూ ఒకటే తలనొప్పండి" అంది ఎదురు మంచం మీది బాలింత. "మాకూ అంతేనండి" అన్నారు మిగతావాళ్లు. శ్రీనిధి గడియ లాగి రెక్కలు రెండూ బార్లా తోసేసింది. కొబ్బరిచెట్ల మీదుగా పైరగాలి వచ్చి మొహాన పడింది. అబ్బ, ఏం గాలి! ఛాతీ నిండా పీల్చుకుంది. దగ్గొచ్చినా సరే, మళ్లీ పీల్చుకుంది.

సత్యనారాయణమ్మ కడ్డీ ఆర్పేసి, "ముందే చెప్పొచ్చు గదమ్మా, నాకేం తెలుసు?" అని నొచ్చుకుంటూ, మంచాలు మార్చడానికి తనే మొదట చెయ్యి వేసింది.

సాయంత్రం డాక్టరమ్మ మళ్లీ స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది. "బాగా నయమండి. అయినా భయంగా ఉంటే చెప్పండి, కాకినాడ వెళ్తారా?"

"వెళ్లనండి!" అంది శ్రీనిధి, వరండాలో వాళ్లకి కూడా వినబడేలా. అని, కూతుర్ని ఒళ్లోకి తీసుకుని పాలకి పెట్టుకుంది.