ఇరుసుకు చుట్టుకున్న జుట్టు

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోరు ఎన్నడూ మంచిది కాదు, అయినా ఈ పరాయి దేశంలో, టోవా పాయో పేటలో మా బ్లాకు మనుషులు నా ఇంటికి రావడం మానరు. ఫ్యాక్టరీలో మోటార్లు పరీక్షించే ఇంజనీరుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు బొమ్మ రైళ్లు బాగుచేయడం నా సరదా. బొమ్మ అంటే ఈ రైళ్ల పిచ్చివాళ్లు ఊరుకోరు, "మోడల్ ట్రైన్, తారా ఆంటీ" అని నన్నే దిద్దుతారు.

ఆ శనివారం పొద్దున పెసరట్టు పెనం మీద ఉండగా తిరుమలేష్ వచ్చాడు. మా పై అంతస్తే. పాయా లేబర్ అనే పేటలో ఏదో బ్యాంకుకి సాఫ్ట్‌వేర్ రాస్తాడు. ఇంట్లో హాలు నిండా పెద్ద బల్ల వేసి, దాని మీద పట్టాలు, కాగితపు కొండలు పెట్టుకున్నాడు. అరచేతిలో పట్టే ఆకుపచ్చ ఇంజన్ని నా ముందు ఠపీమని పెట్టాడు.

"మస్తు గరమైతుంది ఆంటీ. జరసేపు నడిస్తే చాలు, కాలిన వాసనొస్తుంది. నిన్నంత ఇదే తిప్పలు. దిమాగ్ ఖరాబైంది."

"నిప్పు లేనిదే పొగ రాదులే. కూర్చో" అన్నాను, స్టవ్ ఆర్పేసి.

ముందు పెట్టెలు తగిలించకుండా ఒట్టి ఇంజన్ని నా పట్టాల మీద నడిపాను. లాగాల్సిన బరువేమీ లేదు, అయినా మూలిగింది. వేలు పెడితే చురుక్కుమంది. పైడొప్ప తీశాను. ఒక వైరు ఊడేలా ఉంది, అతుకు వేద్దామని సోల్డరింగ్ ఐరన్ వేడికి పెట్టాను. కానీ అసలు జబ్బు అది కాదు. మోటారును గేర్ల నుంచి విడదీసి తిప్పితే హాయిగా తిరిగింది. అంటే మోటారు మంచిదే, కింద ఏదో దాన్ని పట్టుకుని ఆపుతోంది.

ఇంజన్ని వెల్లకిలా తిప్పి అడుగు పలక విప్పాను. ఇరుసుకు జుట్టు, చుట్లు చుట్లుగా బిగుసుకుపోయి ఉంది.

"జుట్టయ్యా" అన్నాను.

"నేను చెప్పలే దానికి? జుట్టు ఇరబోసుకొని తిరగకే అని! ఇంటె గదా, పట్టాల మీదంత అదే!"

చిన్న పట్టకారుతో లాగాను. రాలిన వెంట్రుకలైతే ఒక్కొక్కటే వస్తాయి. ఇవి కుచ్చుగా కలిసి వచ్చాయి. కుచ్చు చివర చర్మం ముక్క, దాని మీద ఎండిన నెత్తురు. మొన్న ఇంత ఎండలో వీడి భార్య స్పందన తలకు చున్నీ చుట్టుకుని లిఫ్టులో కనిపించింది. ఏమిటే ఈ ముసుగు, కొత్త పెళ్లికూతురివా అని వెక్కిరించాను కూడా.

"ఇది రాలిన జుట్టు కాదు తిరుమలేష్. పీకిన జుట్టు."

వాడు నవ్వాడు. "బండి మాటిమాటికి ఆగితే మనిషికి కోపం రాదా ఆంటీ? మొగుడు పెండ్లాం నడుమ మీకెందుకు? ఇంజన్ ఇయ్యుండ్రి."

అత్త మీద కోపం దుత్త మీద! ఇంజన్ వేడెక్కితే వీడు వేడెక్కుతాడు. వీడు పీకిన జుట్టు పట్టాల మీద పడుతుంది, దాంతో ఇంజన్ మళ్లీ వేడెక్కుతుంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇవ్వను. ముందు ఆ పిల్లను ఇక్కడికి పిలువు."

వాడు నా మణికట్టు పట్టి మెలిపెట్టాడు. లోపల ఎముక కలుక్కుమంది. రెండో చేతికి సోల్డరింగ్ ఐరన్ దొరికింది. వాడి చేతి మీద ఆనించి గట్టిగా నొక్కాను. చర్మం చుయ్‌మంది. వాడు గావుకేక పెట్టి నన్ను తోసేశాడు, వెళ్లి గోడకు కొట్టుకున్నాను.

"అది చెప్పిందా నీకు? చెప్పిందా? దాని సంగతి ఇప్పుడే చూస్త!"

వాడు మెట్లెక్కి పరిగెత్తాక గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు. పామును సగం కొట్టి వదిలాను. పోలీసులకు ఫోన్ చేస్తూనే, మోకాళ్లను తిట్టుకుంటూ మెట్లెక్కాను.

పైన చెక్క తలుపు తెరిచే ఉంది, గ్రిల్ గేటుకు మాత్రం లోపల తాళం వేసేశాడు. తాళంచెవి నా చేతికి అందనంత దూరంలో గోడ మేకుకు వేలాడుతోంది. వాడు స్పందన జడను పిడికిలికి చుట్టుకుని ఆమె తలను బల్లకేసి కొడుతున్నాడు. మళ్లీ కొట్టాడు. పట్టాలు ఎగిరిపడ్డాయి. ముక్కులోంచి నెత్తురు కాగితపు కొండల మీద చిందింది.

"వదలరా! చచ్చిపోతుందిరా! వదలరా వెధవా!"

పక్కింటి చీనా పెద్దాయన బయటికొచ్చి "స్టాప్ లా! స్టాప్!" అని అరుస్తూ గేటును తన్నాడు. ఇద్దరం కలిసి ఊపినా అది కదలలేదు.

స్పందన చేయి బల్ల మీద తడుముకుంది. కొండల కాగితం కోసే కత్తెర దొరికింది. వాణ్ని పొడుస్తుందనుకున్నాను. దాచడమెందుకు, పొడవాలనే కోరుకున్నాను. ఆమె కత్తెరను తన తల వెనక్కి తీసుకెళ్లి జడను కసకసా కోసింది. వాడు లాగుతున్న ఊపులో జడ తెగి పిడికిట్లోకి వచ్చేసింది. వెల్లకిలా పడ్డాడు. చెప్పుల స్టాండు అంచు తలకు తగిలింది.

ఆమె మేకు మీది తాళంచెవి లాక్కుని గేటు తీసి బయటపడింది. ఊచల మధ్య నుంచి చేయి పెట్టి మళ్లీ తాళం వేసేసింది.

వాడు పాకుతూ గేటు దాకా వచ్చాడు. చెవి పక్క నుంచి నెత్తురు కారుతోంది. గొంతు మెత్తబడింది.

"బంగారం, తియ్యరా. నొస్తుంది నాకు. తప్పైంది, తియ్."

ఆమె వాణ్నే చూస్తోంది. పై పెదవి చీలిపోయింది. తాళంచెవి ఉన్న చేయి మెల్లగా తాళం వైపు కదలడం నా కళ్లతో చూశాను. వద్దే అని అరవబోయాను. అంతలో ఆ చేయి ఆగి నా వైపు తిరిగింది.

"ఆంటీ, ఇది మీరు పెట్టుకోండ్రి" అంది. "నా దగ్గరుంటే తీస్త."

తీసుకుని బొడ్లో దోపుకున్నాను.