ఎవరి సాయమూ అక్కర్లేని మనిషి

ఆ ఉత్తరం ప్రకారం, రెండేళ్లుగా నేను స్నానం చేయిస్తున్న మా మామగారు ఎవరి సాయమూ లేకుండా తన స్నానం తనే చేసుకుంటున్నారు. బట్టలు తనే వేసుకుంటున్నారు. మంచం మీంచి తనే లేస్తున్నారు. కాబట్టి ఆయన్ని చూసుకోవడానికి ఇంటికి మనిషిని పంపడం కుదరదని బీమా కంపెనీ రాసింది.

సోమవారంతో నా సెలవు అయిపోతుంది. ఇక పొడిగించేది లేదని మా ల్యాబు మేనేజరు తేల్చి చెప్పేసింది. మనిషి రాకపోతే నా ఉద్యోగం పోయినట్టే.

మామగారికి పక్షవాతం వచ్చిన రోజు మావారు ధీమాగా అన్నారు, "ఆరోగ్య బీమా ఉందిగా, అంతా వాళ్లే చూసుకుంటారు." వాళ్లు ఆసుపత్రి వరకే చూసుకున్నారు. ఇంటికొచ్చాక తినిపించడం, కడగడం, పక్కకు తిప్పి పడుకోబెట్టడం వైద్యం కిందికి రావట. దానికి వేరే పాలసీ ఉండాలట. నా అదృష్టం, మామగారు ఉద్యోగంలో ఉండగా అదీ కట్టారు. దానికి డాక్టరు చీటీ ఒక్కటి చాలనుకున్నారు మావారు. చాలదు. ఏయే పనులు సొంతంగా చేసుకోలేరో వాళ్ల నర్సు ఇంటికొచ్చి రాసుకుంటుంది. ఇదంతా విని మా ఆడపడుచు ఫోన్లో, "బయటి మనిషెందుకు వదినా, నువ్వున్నావుగా" అంది. నేనున్నాను. గొడవంతా అదే.

నర్సు వచ్చిన పూట నేను మందుల షాపులో ఉన్నాను. ఇంట్లో ఉన్నది మావారు. ఆయన్నే నిలదీశాను.

"నేనేం చెప్పలేదు. ఆవిడకి టీ పెడదామని వంటింట్లోకెళ్లా. పంచదార దొరికేలోపు ప్రశ్నలు అడగడం అయిపోయి వెళ్లిపోయింది."

నమ్మాను. పదిహేనేళ్లుగా ఆ పంచదార డబ్బా ఒకే అరలో ఉంది.

ఆ పొద్దున మామగారికి గడ్డం గీసి, ఇస్త్రీ చొక్కా తొడిగి, దిండ్లు ఎత్తుపెట్టి కూర్చోబెట్టింది నేనే. నర్సుకి కనిపించింది శుభ్రమైన మనిషి. కంపెనీకి ఫోన్ చేసి ఆవిడను మళ్లీ పంపమన్నాను. శుక్రవారం అన్నారు. మామగారి గదిలోకెళ్లి కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"శుక్రవారం నర్సు మళ్లీ వస్తోంది మామయ్యా. ఆవిడ వెళ్లేదాకా నేను ఏ పనీ అందుకోను, ఇలాగే కూర్చుంటాను. పోయినసారి ఏం చెప్పారు?"

ఆయన నా వైపు తల తిప్పారు.

"అబద్ధం చెప్పాలని కాదమ్మా. స్నానం ఎవరు చేయిస్తారంది. ఎవరినీ పెట్టుకోలేదన్నాను. మీ అంతట మీరే చేసుకుంటారా అంది. అవునన్నాను. నువ్వు చేస్తున్నావన్న సంగతి నాకు తట్టనే లేదు. అది నా చెయ్యే అనుకున్నాను."